చాడీకోరు

దగ్గు వచ్చినప్పుడల్లా తనీష్ దిండులో మొహం దాచుకునేవాడు.

"రెండు నెలలుగా చూస్తున్నాను అబ్బాయీ. నర్సుకు చెప్పు," అన్నాడు నర్సింహ.

ఒకే సెల్లు. పై మంచం తనీష్‌ది, కింది మంచం నర్సింహది. తనీష్ వాంకూవర్ దగ్గర కాలేజీలో చేరి, డెలివరీ కారుతో ఒకరిని గుద్ది రిమాండుకు వచ్చాడు. నర్సింహ ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాడు. తాగి కొట్లాడి లోపలికి వచ్చాడు. పైగా షుగరు మనిషి.

"చెప్పొద్దు అంకుల్. టీబీ అని తేలితే స్టడీ పర్మిట్ క్యాన్సిల్ చేసి ఇంటికి పంపిస్తరు."

"ఎవరన్నారు?"

"అందరు అంటున్నరు."

ఆ అందరిలో ఒక్కరైనా డాక్టరును అడిగిన పాపాన పోలేదు.

మర్నాడు నర్సింహే నర్సుకు చెప్పేశాడు. పరీక్ష చేస్తే టీబీయే. తనీష్‌ను వేరే గదిలో పెట్టారు.

"నా బతుకు ఆగం చేసినవ్! చాడీకోరువి!" అని తలుపు సందులోంచి అరిచాడు తనీష్.

నర్సింహ తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆ వారమే విడుదలయ్యాడు.

పర్మిట్ జోలికి ఎవరూ రాలేదు. అయినా తనీష్ కోపం చల్లారలేదు. ఒంటరి గదిలో పగలు చాలా పొడుగు.

ఆరు నెలలు ఒక్క పూట తప్పకుండా మాత్రలు మింగాలన్నారు. రెండో నెలలో అతన్ని ఇంకో జైలుకు మార్చారు. మనిషి వచ్చాడు గాని కాగితాలు రాలేదు. మూడు రోజులు మాత్రల్లేవు. మధ్యలో ఆపితే జబ్బు మొండికెత్తుతుందని తెలిసి తనీష్ పూటపూటా మాత్రలు అడిగాడు.

నాలుగో రోజు మాత్రలు వచ్చాయి.

"నీకు మాత్రలు అందుతున్నాయా అని మీ అంకుల్ ఆ జైలుకూ ఈ జైలుకూ ఫోన్ల మీద ఫోన్లు చేసి మా ప్రాణం తీశారు," అంది కొత్త నర్సు.

అంకుల్ అంటే అదే దేశంలో మార్కమ్ ఊళ్లో ఉండే దూరపు చుట్టం విశ్వేశ్వరరావే అనుకున్నాడు తనీష్. ఎంతైనా మనవాళ్లు మనవాళ్లేనని పొంగిపోయాడు.

మందులు పూర్తయ్యాయి, జబ్బు నయమైంది. విడుదలైన రోజు, అంకుల్ ఫోన్లు చేసిన నంబరు ఇదేనని నర్సు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాడు. ఎవరో పెద్దావిడ ఎత్తింది.

"విశ్వేశ్వరరావు అంకుల్ ఉన్నరా?"

"ఆ పేరు గలవాళ్లు లేరు బాబూ. ఇది నర్సింహ ఇల్లు. నేను ఆయన భార్యని, ద్రౌపదిని."

తనీష్ ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

"ఒక్కసారి... ఆయనకియ్యండి ఆంటీ."

"పోయి నెలైంది బాబూ. టీబీ ముదిరిపోయింది. ఆ జైల్లోనే ఎవరి దగ్గరో అంటుకుందన్నారు డాక్టర్లు. ఎవరని ఎంత అడిగినా చెప్పలేదు."