రోజుకు రెండు వందల మీటర్లు

ఆదిలాబాద్‌లో ఎలుకల బెడదకు ఇంటింటికీ కొండచిలువను పెంచుకునే రోజులవి. శోభారాణి ఇంట్లో సకినం అనే పదడుగుల కొండచిలువ చలికి దుప్పటి వదిలి రానంటోంది. దాన్ని ఇంట్లోనే రోజూ రెండు వందల మీటర్లు పాకించాలి. మూడు రోజులు తప్పితే పాముల ఆఫీసువాళ్లు పట్టుకుపోతారు. కూతురు హర్షితకేమో అదంటే ప్రాణం.

రెండు రోజులు తప్పనే తప్పాయి. మూడో రోజు దాన్ని చల్లటి బండల మీదికి దించబోయి శోభారాణి వెనక్కి తగ్గింది. నిమోనియా వస్తే? అది చస్తే? పిల్ల అన్నం మానేస్తే? దూరం లెక్కపెట్టడానికి ఆఫీసువాళ్లు పాముకు కట్టిన పట్టీని విప్పి తన నడుముకు బిగించుకుని, మంచం దగ్గర నుంచి ఫ్రిజ్ దాకా మోచేతుల మీద పాకింది.

"ఏందమ్మా ఇది!" కాలేజీ నుంచి వచ్చిన హర్షిత గుమ్మంలోనే ఆగిపోయింది.

"సప్పుడు జెయ్యకు బిడ్డా. ఇంక ముప్పై మీటర్లున్నయి."

మళ్లీ మళ్లీ విప్పితే ఆఫీసుకు తెలిసిపోతుందేమోనని నిద్రలోనూ పట్టీ తీయలేదు. వారం తిరిగేసరికి ఆఫీసు డాక్టరు ఫోన్ చేశాడు.

"మీ పాము బాగానే పాకుతోందమ్మా. కానీ పట్టీలో చూస్తే బీపీ ఎక్కువుంది, అసలు నిద్రే పోవట్లేదు. దేనికైనా భయపడుతోందా?"

శోభారాణికి ఏడుపు తన్నుకొచ్చింది.

"నిద్రెట్ల వడ్తది సారూ? ఎదిగిన పిల్ల గింత పొగమంచుల స్కూటర్ మీద కాలేజీకి వోతాంటే!"