నీలం బీరువాకి వంద వంకలు

"ఇది కొనకమ్మాయ్. పురుగు తొలిచేసింది," అంది వెనకనుంచి ఒక గొంతు.

తూవా బీరువా మీదనుంచి చెయ్యి తియ్యకుండానే తల తిప్పింది. చేతికర్ర, భుజాన గుడ్డసంచి, ఎనభై దాటిన ముసలావిడ.

"ఎక్కడండీ పురుగు? నాకేం కనబడలేదే."

"కనబడేలా తొలవడానికి దానికేం ఖర్మ? లోపల తొలుస్తుంది. పైగా తాళంచెవి లేదు. జాబితాలో రాశారు, చూసుకోలేదూ?"

చూసుకుంది. పన్నెండో నెంబరు, పూలు వేసిన నీలం చెక్క బీరువా, 1823, తాళం వేసి ఉంది, తాళంచెవి లేదు. ఆ ఒక్క ముక్కతోనే సగంమంది వెనక్కి తగ్గారు. వేలానికి ఇంకా అరగంట ఉంది. ఎర్రరంగు కొట్టం ముందు గడ్డిమీద సామాన్లన్నీ వరసగా పెట్టారు. జనం కాఫీ కప్పులతో తిరుగుతూ చెక్కల్ని వేళ్ళతో కొట్టి చూస్తున్నారు. తూవా మాత్రం స్నేహితురాలి వ్యాను అరువు తెచ్చుకుని, స్టాక్‌హోమ్ నుంచి నాలుగు గంటలు నడుపుకుంటూ వచ్చింది దీనికోసమే.

"ఎక్కడ పెడతావేంటి దీన్ని?" అంది ముసలావిడ. పేరు గున్‌హిల్డ్ అట.

"వంటగదిలో. మాది కొత్త ఫ్లాటండీ. గోడలు తెలుపు, అరలు తెలుపు, బల్లా తెలుపే."

"పళ్ళ డాక్టరు గదిలో పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టుంటుంది."

తూవాకి నవ్వొచ్చింది. తర్వాత గొంతు తగ్గించింది. "చిన్నప్పుడు ఆరిళ్ళు మారాను బామ్మగారూ. అన్నీ పరాయివాళ్ళిళ్ళే. ఇప్పుడు నాకంటూ ఓ ఇల్లుంది. కానీ అందులో ఉన్న ప్రతీదీ నాకంటే చిన్నదే. నాకంటే పెద్దది ఒక్కటైనా ఉండాలి కదా."

ముసలావిడ ఆమెని ఎగాదిగా చూసింది. ఆ తర్వాత మళ్ళీ అందుకుంది.

"దీనికీ తెల్లరంగు పూసేస్తావు. మీ వయసువాళ్ళకి అదే పని."

"చచ్చినా పూయను."

"అయితే ముట్టుకోకుండా వచ్చినవాళ్ళకి చూపించుకుంటావు."

"కప్పులు పెట్టుకుంటానండీ, రోజూ వాడుకునేవి. లోపల అరలెన్నున్నాయో ఏమో."

"మూడుంటాయి. మధ్యదానిమీద వేడి గిన్నె మచ్చ ఉంటుంది."

"మీకెలా తెలుసు?"

"ఈ ఊళ్ళో బీరువాలన్నీ అంతే," అని ముసలావిడ మొహం తిప్పుకుంది.

అప్పుడొచ్చాడు స్టాఫన్, పాతసామాన్ల వ్యాపారి. మోకాళ్ళమీద కూర్చుని, పూలమీద టార్చి వేసి, ఒక మూల గోటితో గీకి చూశాడు. అతని కళ్ళలో మెరుపు చూసి తూవా పర్సులో డబ్బు మళ్ళీ లెక్కపెట్టుకుంది. ఆమె దగ్గరున్నది నాలుగువేల క్రోనర్లే. ఇతను పాటకి దిగితే అవి ఏ మూలకి?

గున్‌హిల్డ్ కర్ర టకటకలాడిస్తూ అతని దగ్గరికి నడిచింది.

"ఆ పూలు చూసి మోసపోకు నాయనా. డెబ్బైల్లో ఊరంతా పిచ్చెక్కి రంగు సామాన్లన్నీ కాస్టిక్ సోడా తొట్లో ముంచి, ఉత్త చెక్క తేల్చారు కదా? దీన్నీ ముంచారు. తర్వాత నాలిక్కరుచుకుని మళ్ళీ పూలు వేయించారు. ముంచిననాడు నేనక్కడే ఉన్నాను."

ఆ పాపం చెయ్యని ఇల్లు ఆ చుట్టుపక్కల తక్కువ. స్టాఫన్ టార్చి ఆర్పేశాడు.

"అదే అనుకున్నా, నీలం మరీ నిగనిగలాడుతోందేమిటా అని," అంటూ గడియారాల వైపు వెళ్ళిపోయాడు.

తూవా మొహం చిన్నబోయింది. "నిజమేనా బామ్మగారూ?"

"ఏం, మనసు మారిందా?"

తూవా పూలమీద చెయ్యి వేసి నిమిరింది. "ఎవరో తప్పు తెలుసుకుని మళ్ళీ వేయించారంటే, దీన్ని ఇష్టపడ్డవాళ్ళే కదా. నాకిదే కావాలి."

"నీకు బుద్ధి లేదు," అని గున్‌హిల్డ్ వెళ్ళి ముందు వరసలో కూర్చుంది.

తూవాకి అప్పుడు అనుమానం వచ్చింది. అందర్నీ బెదరగొట్టి, చివర్లో చవగ్గా తనే కొట్టేయాలని చూస్తోంది ఈవిడ. ఎంత నమ్మి ఈవిడకి మనసులో మాట చెప్పేసుకుంది!

పన్నెండో నెంబరు వచ్చింది. వేలం వేసే ఆయన బీరువాని పొగడబోయి, గున్‌హిల్డ్ వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, "వెయ్యి," అన్నాడు పొడిగా.

తూవా తన పాట చీటీ ఎత్తింది. వెనకనుంచి ఎవరో రెండువేలన్నారు. తూవా మూడన్నది. గున్‌హిల్డ్ చెయ్యి మెల్లగా సంచిలోకి పోయింది. ఆవిడా చీటీ తీస్తోందనుకుంది తూవా.

"ఒకటోసారి... రెండోసారి..."

ఆ చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. సుత్తి పడింది.

తూవా కళ్ళు తుడుచుకుంటూ ముందు వరస దగ్గరికి వచ్చింది. "మీరే పాడేస్తారని హడలిపోయానండీ."

"నేనా? నాకిప్పుడున్నది ఒక్క గది. మంచం వేస్తే మనిషి నిలబడ్డానికి చోటుండదు." గున్‌హిల్డ్ కర్ర పక్కన పెట్టింది. "ఏదీ, చెయ్యి చాపు."

తూవా చాపింది.

గున్‌హిల్డ్ సంచిలోంచి బీరువా తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టింది.