నవీన పాస్‌వర్డ్

“మొదట తిరుపతి యూనివర్సిటీ కాలేజీ పెట్టినా సార్. ఇదెట్లొచ్చె?” అంది నవీన, తెర మీది నుంచి కళ్లు తీయకుండా.

నగరిలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకుని పిల్లలకు కంప్యూటర్ నేర్పే పాల్ వంగి చూశాడు. ఇంజనీరింగ్ సీటు కోసం ఆమె వరసగా పెట్టుకున్న కాలేజీలన్నీ పోయి, ఊరూ పేరూ తెలియనిది ఒక్కటే ఉంది.

“ఎవురో నీ పాస్‌వర్డ్‌తో లోపలికొచ్చి మార్చినారు మా. ఎవురికీ చెప్పొద్దని క్లాసులో అంత మొత్తుకుంటిని గదా?”

“మా నాయనకు తప్ప ఎవురికీ చెప్పలా సార్.”

మరమగ్గం ఆపి కూతురి వెంట వచ్చిన గంగాధరం వెనకే నిలబడి ఉన్నాడు.

“గిరి అడిగితే చెప్పినా,” అన్నాడు. “బిడ్డకు మేనమామ గదప్పా! సొంత బామ్మర్ది దగ్గిర దాస్తే, వాణ్ణి దొంగ మాదిరి సూసినట్టు గాదా?”

“ఆయన యాడ పన్జేస్తాడు?”

గంగాధరం తెర మీది పేరును కూడబలుక్కుని చదివాడు.

“ఈ కాలేజీలోనే,” అన్నాడు మెల్లగా.

“ఇంక మార్చేదానికి కాదా సార్?” అంది నవీన.

“గడువు నిన్నటితో అయిపాయ మా. సీటు దీంట్లోనే వస్తాది.”

పాల్ మౌస్ అందుకుని పాస్‌వర్డ్ మార్చే పేజీ తెరిచాడు.

“పాస్‌వర్డన్నా మార్చుకో మా.”

“మార్చి ఏం జేసేది సార్?” అంటూనే నవీన కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

ఎవరూ చెప్పకుండానే గంగాధరం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

“అయిపోయింది నాయనా, ఇట్ల తిరుగు,” అంది నవీన.

ఆయన తిరగలేదు.