పద్నాలుగో గడి

"నీకు కలలు ఏ భాషలో వస్తాయి?" అడిగాడు అధికారి.

ఆమె బిత్తరపోయింది. ఆసుపత్రి లాండ్రీలో పంతొమ్మిదేళ్ళుగా నెత్తుటి మరకల దుప్పట్లు ఉతుకుతున్న మనిషి. పడుకుంటే అలారం మోగేదాకా ఒళ్ళు తెలియదు. కలలు కనే తీరిక ఆమెకెక్కడిది?

"కలలు రావు సార్."

"కోపం వస్తే ఏ భాషలో తిడతావు?"

"మా మిషన్ మొరాయిస్తే ఇక్కడి భాషలోనే తిడతాను సార్. దానికి వేరే భాష రాదు."

అధికారి నవ్వలేదు. ఫైలు మీద ఆమె పేరును బొటనవేలితో రుద్దాడు, అదేదో అంటుకున్న మట్టి అన్నట్టు.

"ఇన్నేళ్ళుగా మా తిండి తింటున్నావు. నోరు తిరగని ఈ పేరు మార్చుకోవాలని ఒక్కనాడైనా అనిపించలేదా? పోనీ, ఇక్కడే పుట్టిన పిల్లకైనా ఇక్కడి పేరు పెట్టొచ్చుగా?"

"వాళ్ళ నాన్న ముచ్చటపడి పెట్టుకున్నాడు సార్. ఆయన తల్లి పేరు."

"అదీ సంగతి. మనుషులు ఇక్కడ, మనసులు అక్కడ!"

ఏటా ఈ దేశంలో ఉండే పర్మిట్ కోసం వచ్చి ఈ కుర్చీలో కూర్చోవడం, ఇలాంటి మాటలు దిగమింగుకుని పోవడం ఆమెకు అలవాటే. ఈసారి సంగతి వేరు. కూతురికి పద్దెనిమిది నిండాయి. ఇకనుంచి ఆ పిల్లకు వేరే ఫైలు, వేరే పర్మిట్. నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది, సోమవారంలోగా పర్మిట్ చూపించాలి. ఇప్పుడా పిల్ల ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని బయట బల్ల మీద తన వంతు కోసం కూర్చుంది.

అధికారి దరఖాస్తు పేజీ తిప్పాడు.

"పద్నాలుగో గడి. ఈ ఏడాదే కొత్తగా పెట్టారు. మీవాళ్ళలో ఈ దేశాన్ని చెడ్డగా మాట్లాడినవాడి పేరు ఒకటి చెప్పాలి."

"మావాళ్ళెవరూ అలా మాట్లాడరు సార్. పనికి పోతారు, వస్తారు, పడుకుంటారు."

"పొద్దుటినుంచీ అందరూ ఇదే చెబుతున్నారు. గడి ఖాళీగా ఉంటే ఫైలు కదలదు. వారంలో మూటాముల్లె సర్దుకోవాలి. నువ్వే కాదు, నీ కూతురు కూడా."

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి అమ్మానాన్నల దేశం మొహం చూడలేదు. అలాగని ఎవరి పేరు చెబుతుంది? పక్కింటి వంటమనిషికి ఇద్దరు చంటిపిల్లలు. లాండ్రీలో తనతో పనిచేసే ముసలమ్మకు చెవులే వినపడవు. ఎవరి కొంప ముంచినా ఆ ఉసురు తగలక మానదు. అలా మథనపడుతుండగా ఒక ఉపాయం తట్టింది. తట్టగానే నవ్వొచ్చినంత పనైంది.

"ఉన్నాడు సార్ ఒకాయన. మా ఆయనే."

అధికారి తలెత్తాడు. "ఎక్కడున్నాడు?"

"పోయాడు సార్. పదకొండేళ్ళయింది. ఈ ఊరి మురుగు కాలవ తవ్వుతుంటే మట్టిపెళ్ళలు విరిగి మీద పడ్డాయి."

వేళాకోళమా అని కసురుతాడనుకుంది. అతను తన కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు వంచి ఆమె ముందుకు జరిపాడు. మొదటిసారి మర్యాదగా మాట్లాడాడు.

"పోయినా ఫర్వాలేదమ్మా. గడి నిండాలి, అంతే. ఏమనేవాడో చెప్పండి."

నోట్లో నాలుక లేని మనిషి ఆయన. బస్సు కండక్టరుకు కూడా ఎదురు చెప్పి ఎరగడు.

"ఇక్కడి బస్సులు వేళకు రావనేవాడు సార్."

"కాస్త గట్టివి చెప్పండి."

"ఈ దేశం మన నెత్తురు తాగుతోందనేవాడు."

"ఇంకా?"

"యుద్ధమొస్తే... అటువైపే నిలబడతాననేవాడు."

అధికారి ఓపిగ్గా ప్రతి మాటా రాసుకున్నాడు. ఆమె 'నన్ను క్షమించవయ్యా, పిల్ల కోసమే ఈ పాడు మాటలు. నువ్వెలాగూ వీళ్ళకు చిక్కవు' అని లోలోపలే దణ్ణం పెట్టుకుంది.

రాసిందంతా అతను పైకి చదివి వినిపించాడు. ప్రతి వాక్యం కిందా సంతకం పెట్టించుకున్నాడు. "కట్టుకున్న భార్యే చెప్పాక ఇక వేరే సాక్ష్యం ఎందుకు?" అంటూ ఆమె పర్మిట్ మీద ముద్ర కొట్టి ఇచ్చాడు.

ఆమె బయటికి రాగానే కూతురు లేచి నిలబడింది.

"ఇచ్చారా అమ్మా?"

"ఇచ్చారే!" ముద్ర చూపించి, పిల్ల చెవి దగ్గరికి వంగింది. "లోపల ఎవరిదో ఒకరి పేరు చెప్పమంటారు. భయపడకు. నాన్న పేరు చెప్పెయ్. ఆయన్నెవరూ ఏమీ చెయ్యలేరు."

కూతురి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా తలూపింది. ఆమె పిల్ల కాలరు సరిచేసింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఈ ఆఫీసును బోల్తా కొట్టించానని గర్వపడింది.

తలుపు ఓరగా తెరిచే ఉంది. లోపల అధికారి తల్లి ఫైలు మీద కూతురి ఫైలు పెట్టి, రెంటినీ కలిపి దారంతో కట్టాడు. గంట కొట్టి, బంట్రోతుతో నెమ్మదిగా చెప్పాడు.

"ఆ దేశద్రోహి కూతుర్ని లోపలికి పంపు."