దాచిన గాస్కెట్

నాందేడ్‌లోని నా షెడ్డులో శివరాజ్ టర్బో కారుకు పెద్ద ఎగ్జాస్ట్ పైపు బిగించి పంపాను. గంట తర్వాత, జాయింటులో పొగ కారకుండా వేసే గాస్కెట్ నా జేబులో దొరికింది. అతన్ని ఆటపట్టించడానికి దాచింది నేనే. నవ్వుల్లో పడి, అది లేకుండానే బోల్టులు బిగించేశాను.

వెంటనే ఫోన్ చేశాను. తన చిన్న పాపను తీసుకుని, రేణుకమ్మ గుడికని మాహూర్ దారిలో ఉన్నాడు.

"కారాపు శివా. పొగ లోపలికస్తది. పాపను తీస్కొని దిగు."

"మొన్న టైరు ఊడ్తుందని గిట్లనే దింపితివి గద కాకా. ఇగ నమ్మ."

"రేణుకమ్మ మీద ఒట్టు."

"మొన్న గూడ అమ్మ మీదనే ఒట్టేసినవ్." ఆవులించాడు. "పాప ఎప్పుడో పండుకుంది. నాకు సుత తల బరువైతుంది."

అది నిద్ర మత్తు కాదు, పొగ మత్తు. గొంతులోకి నవ్వు తెచ్చుకున్నాను.

"సరే, నిజం చెప్త. ఎనక నంబర్ ప్లేటు తలకిందులు బిగించిన. మాహూర్ కాడ పోలీసులు పట్టుకుంటరు."

"నీ బుద్ధి మారదు కాకా." కారు ఆగింది. తలుపు చప్పుడైంది. "ప్లేటు సీదాగనే ఉంది గద?"

"ఉంటది బిడ్డా. ముందు పాపను బయటికి ఎత్తుకో."

వెనక తలుపు తెరిచిన చప్పుడైంది. పాపను పిలిచాడు. మళ్లీ పిలిచాడు. నాలుగోసారికి పాప ఏడుపు వినిపించాక, ఫోన్ పెట్టకుండానే గాస్కెట్ తీసుకుని మాహూర్ దారి పట్టాను.