ఎర్ర బటన్

"ఈవిడ ఇంకొక్క రోజు ఈ కుర్చీలో కూర్చుంటే నేను గుడి కంప్యూటర్ ముట్టుకోను," అన్నాడు శశిధర్.

మాదన్నపేట రామాలయం ఆఫీసు గదిలో కమిటీ అధ్యక్షుడు పరబ్రహ్మం తల పట్టుకుని కూర్చున్నాడు. మర్నాడే సీతారామ కల్యాణం. పీటల మీద కూర్చునే దంపతుల పేర్లు, గోత్రాలు అన్నీ పొద్దున గుమాస్తా ఆండాలు చేతిలో చెరిగిపోయాయి. శశిధర్ ఇంటి నుంచి పేర్ల నకలున్న సీడీ తెచ్చి వాటిని తిరిగి ఎక్కించాడు గానీ, అతని కోపం దిగలేదు.

ఆ ప్రోగ్రాం అతను పెట్టిందే. ఓపెన్ సోర్సులో ఉచితంగా దొరికినదాన్ని గుడికి తగ్గట్టు మార్చాడు. తెర మీద తెలుగు అక్షరాలు విరిగిపోతున్నాయని బటన్ల మీద మాటలు తీసేసి రంగులు మాత్రం ఉంచాడు. ఆకుపచ్చది నొక్కితే పేర్లు నిలుస్తాయి. ఎర్రది నొక్కితే అన్నీ పోతాయి. చెరపాలా అని మళ్ళీ అడగదు.

"దంపతుల పేర్లు టైపు చేసి ఎవరైనా ఎర్రది నొక్కుతారా?" అన్నాడు శశిధర్.

"శుభమని ఒత్తిన సారూ. పెండ్లి పత్రికల ఎర్ర అక్షరాలే ఉంటయి గద," అంది ఆండాలు.

"సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు చూడలేదా? ఎరుపంటే ప్రమాదం. ప్రపంచమంతా అంతే. మీ ఒక్కరికే వేరా?"

ఆ ముక్క ముందే చెప్పాల్సిందని ఆమె అంది. ఉచితంగా చేసిపెట్టినదానికి ఇన్ని వంకలా అని అతను లేచాడు. నచ్చకపోతే ఎవరైనా మార్చుకోవచ్చు, ప్రోగ్రాం లోపలంతా అందరికీ తెరిచే ఉందన్నాడు.

"గుడి తలుపు గూడ తెరిచే ఉంటది. వచ్చినోళ్ళు అర్చన వాళ్ళే చేస్కుంటరా?"

"చూశారా ఆ నోరు," అన్నాడు శశిధర్ పరబ్రహ్మంతో.

పరబ్రహ్మం ఆమె ముఖం చూడకుండా, రేపటి నుంచి వేరే మనిషిని పెడతామన్నాడు. ఈ జీతం మీదే ఆమె ఇల్లు గడుస్తుందని ఆయనకు తెలుసు. ఆండాలు కొంగున కట్టిన గది తాళాలు విప్పి బల్ల మీద పెట్టింది.

"వచ్చే మనిషైనా తప్పు చెయ్యకుండా, నొక్కాల్సిన బటన్ మీద ఏదైనా గుర్తు పెట్టి వెళ్ళు బాబూ," అన్నాడు పరబ్రహ్మం.

శశిధర్ చుట్టూ చూశాడు. బల్ల మీద పూజ పళ్ళెం కనిపించింది. గోడ మీది రాముడి పటానికి దండం పెట్టుకుని, వేలు తడిపి కుంకుమలో అద్ది, తెర మీద ఆకుపచ్చ బటన్ నిండా భక్తిగా బొట్టు పెట్టాడు.

పరబ్రహ్మం తెరను చూశాడు. తర్వాత శశిధర్‌ను చూశాడు. తాళాలను ఆండాలు వైపు జరిపాడు.

ఆమె కుర్చీలో కూర్చుని తెర దగ్గరికి వంగింది.

"రెండూ ఎర్రగనే ఉన్నయి. గిప్పుడు ఏది ఒత్తాలె సారూ?"