పాస్టరుగారు రాయని నెల

పాస్టరుగారి భార్య సంచి సర్దుతోంది. రెండు చొక్కాలు, దుప్పటి, ఉన్ని మేజోళ్ళు.

మడిచిన చొక్కానే మళ్ళీ విప్పి మడుస్తోంది.

తలుపు కొట్టకుండానే టైలరమ్మ లోపలికొచ్చింది. ఫ్యాక్టరీలో సిపాయిల బట్టలు కుట్టి అటునుంచటే వచ్చింది. జుట్టుకింకా దారప్పోగులు అంటుకునే ఉన్నాయి.

ఆమె ఒక్కగానొక్క కొడుకు యుద్ధంలో ఉన్నాడు. చలికాలం నుంచీ కబురు లేదు.

సంచి చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఊరొదిలి పోతున్నారా అయ్యగారూ?"

"వెళ్తున్నానమ్మా."

ఎక్కడికంటే ఆయన చెప్పలేదు. ఊరి మీద బాంబులు పడతాయని పుకారు. కలిగినవాళ్ళు అప్పటికే కొండల వైపు జారుకుంటున్నారు. ఇంకా విడమరిచి చెప్పేదేముంది?

యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ సంఘ పత్రికలో మొదటి పేజీ పాస్టరుగారిదే. ఆడవాళ్ళు ఫ్యాక్టరీలకు నడవడం లోకం తలకిందులైన గుర్తని ఒకసారి రాశారు. మా పొయ్యిలో పిల్లి లేవాలంటే ఎవరు కుట్టాలో అదీ రాయమనండని టైలరమ్మ అంటే, ఆరాధనకొచ్చిన ఆడవాళ్ళంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఇంకోసారి, ఈ యుద్ధం దేవుడి కళ్లం, గింజా పొట్టూ వేరవుతాయని రాశారు. ఆ మాట పట్టుకునే ఆమె కొడుకు సైన్యంలో చేరాడు.

ఈ నెల ఆ పేజీ ఖాళీగా వచ్చింది.

"గింజలన్నీ అక్కడికి పోయాయి. పొట్టు ఇటు ఎగిరిపోతోంది" అంది టైలరమ్మ.

పాస్టరుగారి భార్య ఏదో అనబోయింది. ఆయన కళ్ళతోనే వద్దన్నారు.

"తప్పు రాశానని వచ్చే నెలైనా రాస్తారా?"

"రాస్తే తీరేది కాదమ్మా. మీవాడిది ఏ పటాలం?"

ఇప్పుడెందుకని విసుక్కుంటూనే చెప్పింది.

ఆయన సంచి భుజాన వేసుకుని బయల్దేరారు. వీధిలో ఒక్కరూ నమస్కారం పెట్టలేదు. మంద కంటే ముందు కాపరే పరిగెత్తాడని ఎవరో నవ్వారు.

వానలు వెనకబట్టాక కొడుకు కర్ర ఊతంతో ఇంటికొచ్చాడు. టైలరమ్మ వాడి మొహం తడిమి తడిమి చూసుకుంది. కంచం ముందు కూర్చోబెట్టి, ఊరి కబుర్లలో మొదటగా పాస్టరుగారు పారిపోయిన సంగతే చెప్పింది.

వాడు ఎత్తిన ముద్ద దించేశాడు.

"పారిపోవడమేంటమ్మా? దెబ్బతిన్నవాళ్ళని మోసే పనిలో చేరారాయన. తూటాల మధ్య నుంచి నన్ను వీపున మోసుకొచ్చింది ఆయనే."

టైలరమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పాస్టరుగారింటికి పరిగెత్తింది. ఆ రోజు ఒక్క మాట ఎందుకనలేదని అడిగింది.

"నేను యుద్ధానికి వెళ్తున్నానని తెలిస్తే, నన్ను చూసి ఇంకో ఇంటి పిల్లాడు బయల్దేరతాడు, నా రాత చదివి వెళ్ళినవాళ్ళు చాలు అన్నారు" అంది పాస్టరుగారి భార్య.

యుద్ధం ముగిసింది, పటాలాలు తిరిగొచ్చాయి. టైలరమ్మ కొడుకుని దించి, పడి ఉన్న ఇంకొకడి కోసం వెనక్కి వెళ్ళిన పాస్టరుగారు మాత్రం, తొలివాన కురిసిన ఆ ఉదయం నుంచీ రాలేదు.